పాత షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజిన్: వాల్వు సీటు నుంచి సైలెన్సర్ కొస దాకా

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మా 1947 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ టాప్ గేరులో ఎక్కడిదాకా లాగుతుందో నాకు కిలోమీటరు రాయితో సహా గుర్తు. ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ గొంతు మారేది, కారు బరువెక్కేది, రెండో గేరుకు దిగక తప్పేది కాదు. కోరాపుట్‌లో ఉండే మాకు పెళ్లికైనా పేరంటానికైనా విజయనగరం వెళ్లి రావాలంటే ఆ ఘాటే దారి. అందుకే ఇంజిన్ పని మొదలుపెట్టినప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే: ఆ రాయి దాటి ఇంకొన్ని మలుపులు టాప్ గేరులోనే ఎక్కాలి.

చాలామంది ఈ పనిని సైలెన్సర్‌తో మొదలుపెడతారు. అది కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, ఒక్క రోజులో అయిపోతుంది. కానీ పొగ ఎంత సులువుగా బయటికి పోయినా, లోపల వాల్వు సరిగా కూర్చోకపోతే, బేరింగుకు నూనె అందకపోతే ఆ లాభం నిలవదు. కాబట్టి నేను చెప్పే వరుస ఇది: ముందు కొలతలు, తర్వాత ఇంజిన్ అడుగుభాగం, తర్వాత హెడ్ (సిలిండర్ల పై మూత), ఆ తర్వాతే మానిఫోల్డు (సిలిండర్ల పొగను కలిపి గొట్టంలోకి పంపే పోత భాగం), గొట్టాలు. పెట్రోలు, నిప్పు సర్దుబాటు చివరికి.

ఇంజిన్ ఏదో ముందు తేల్చుకోండి

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్ల బిగింపు మొదలుపెట్టి 1954 దాకా నడిపింది. ఆ రోజుల షెవర్లే కార్లలో సాధారణంగా ఉండేది 216 ఘనపు అంగుళాల ఇంజిన్. బోరు (సిలిండర్ వెడల్పు) 3.5 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.75 అంగుళాలు. 1947 మోడల్లో కుదింపు నిష్పత్తి 6.5, బలం నిమిషానికి 3,300 చుట్ల దగ్గర 90 హార్స్‌పవర్. అయితే డెబ్బై ఎనభై ఏళ్లలో ఎన్నో కార్లకు ఇంజిన్లు మారిపోయాయి. మీ బానెట్ కింద తర్వాతి కాలపు 235 ఉండవచ్చు. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, లోపల మాత్రం నూనె పద్ధతి వేరు.

216లో మెయిన్ బేరింగులకు నూనె పంపు ఒత్తిడితో వెళ్తుంది, కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు అలా వెళ్లదు. ప్రతి రాడ్ అడుగున చిన్న గరిటె లాంటి డిప్పర్ ఉంటుంది. తక్కువ వేగంలో అది చాంబర్‌లోని (ఇంజిన్ అడుగున నూనె నిలిచే పళ్లెం) తొట్టి నుంచి నూనె ముంచుకుంటుంది. వేగం పెరిగితే నాజిల్ నుంచి వచ్చే నూనె ధార నేరుగా డిప్పర్ నోట్లో పడుతుంది. పైగా ఆ రాడ్ బేరింగులు పోతపోసిన వైట్ మెటల్ (మెత్తని మిశ్రమలోహం). 1954 నుంచి కార్లలో వచ్చిన 235కు మాత్రం రాడ్ల దాకా ఒత్తిడితోనే నూనె అందుతుంది, బేరింగులు మార్చుకోదగ్గ పలుచని షెల్స్. డ్యాష్‌బోర్డు మీది నూనె ముల్లు 30 పౌండ్ల దాకానే ఉంటే అది పాత పద్ధతికి గుర్తు కావచ్చు, కానీ మీటర్లు కూడా మారిపోయి ఉంటాయి కాబట్టి బ్లాకు మీది పోత నంబరు తుడిచి చూసుకోవడమే సరి. ఈ వ్యాసం 216 గురించి. 235 ఉన్నవారికి మరికొంత స్వేచ్ఛ ఉంటుంది.

కాగితాల సంగతి కూడా ఇప్పుడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఆ మాటను గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు జరగని వాహనాలకే వర్తిస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ తీసుకున్న కారును రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. అందుకే నేను పెట్టుకున్న కట్టుబాటు: వేసే ప్రతి భాగం బోల్టు విప్పితే ఊడి రావాలి, కారుతో వచ్చిన ప్రతి భాగం నూనె రాసి, గుడ్డ చుట్టి, పేరు రాసి అటక మీద ఉండాలి. బ్లాకునూ చాసిస్‌నూ కోయకూడదు.

ఏమీ విప్పకముందు: మూడు కొలతలు

మొదటిది కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో కుదింపు ఒత్తిడి. ఇంజిన్ వేడెక్కాక ఆరు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కొక్క సిలిండర్‌కు గేజి పెట్టి స్టార్టర్ తిప్పండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. 6 వోల్టుల స్టార్టర్ నీరసిస్తే నాలుగో సిలిండర్ దగ్గరికి వచ్చేసరికి అంకెలు అబద్ధం చెబుతాయి. అన్నిటికన్నా పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా 10 పౌండ్లలోపు ఉంటే సంతోషం. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పైకి లేస్తే రింగులు అరిగాయి, కదలకపోతే వాల్వులో లోపం. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువగా ఉంటే వాటి నడుమ హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించండి.

రెండోది వాక్యూమ్, అంటే ఇంజిన్ గాలిని లోపలికి పీల్చే బలం; దీన్ని పాదరసపు అంగుళాల్లో కొలుస్తారు. మన ప్రాంతానికి ఒక లెక్క కలుపుకోవాలి. సముద్ర మట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ ఒక అంగుళం తగ్గుతుంది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అంటే మూడు అంగుళాలకు కాస్త తక్కువ కోత. విశాఖపట్నంలో 19 చూపిన ఇంజిన్ మా ఇంటి ముందు 16 చూపిస్తే అది జబ్బు కాదు. ఈ లెక్క తెలియకపోవడం వల్ల నిక్షేపంగా ఉన్న ఇంజిన్‌కు రింగులు మార్పించే ప్రమాదం ఉంది. ఇంకో జాగ్రత్త: ఈ మోడల్లో గేరు మార్చడానికి సాయపడే వాక్యూమ్ సిలిండర్ ఉంటుంది. దాని రబ్బరు గొట్టం, వైపర్ గొట్టం తీసి మూతలు బిగించాకే ముల్లును నమ్మండి. మా కారులో రెండు అంగుళాల లోటు ఆ గేరు సిలిండర్ చిరిగిన తోలు దగ్గరే దొరికింది.

మూడో కొలత సైలెన్సర్ మార్చాలా వద్దా అన్నది తేలుస్తుంది. అదే వాక్యూమ్ గేజి ఉంచి, ఇంజిన్‌ను 2,000 చుట్లకు తీసుకువెళ్లి అర నిమిషం పట్టి ఉంచండి. ముల్లు ఐడిల్ అంకె దగ్గరకు వచ్చి నిలబడితే పొగ దారి తెరిచే ఉంది. మెల్లగా జారిపోతూ ఉంటే దారిలో అడ్డు ఉంది. మాది జారింది. విప్పి చూస్తే రెండు కారణాలు. మానిఫోల్డు నడుమ, ఇంటేక్‌ను (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారి) వేడి చేయడానికి పొగను పైకి మళ్లించే తలుపు ఒకటి ఉంటుంది, స్ప్రింగుతో కదులుతుంది. అది తుప్పుతో సగం మూసిన చోటే బిగుసుకుపోయింది. ఇక పాత సైలెన్సర్‌ను ఊపితే గింజలున్న సొరకాయ బుర్రలా గలగలమంది. రంపంతో నిలువునా కోయించాం. లోపలి పలక ఊడి గొట్టం నోటికి అడ్డంగా పడి ఉంది, దాని వెనుక పొరలు పొరలుగా ఊడిన తుప్పు పిడికెడు. ఎన్నో ఏళ్లుగా ఇంజిన్ ఆ సందులోంచే ఊపిరి వదిలింది.

అడుగుభాగం: ఎంత దూరం వెళ్లవచ్చో నిర్ణయించేది ఇదే

చాంబర్ దించండి. తొట్లలో నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి, నాజిల్ రంధ్రాలను పలుచని ఇత్తడి తీగతో శుభ్రం చేయండి, ఉక్కు తీగతో గీరవద్దు. నాజిల్ గురి తప్పితే ధార డిప్పర్‌కు తగలదు, కాబట్టి వాటిని వంచకూడదు. రాడ్ క్యాపులు విప్పేటప్పుడు ఏ సిలిండర్‌ది ఏదో, ఏ ముఖం ఎటో పోటు వేసి గుర్తు పెట్టుకోండి. తారుమారైతే డిప్పర్ నోరు పెడముఖం పడుతుంది.

క్యాపు సందులో షిమ్‌లు అనే పలుచని రేకులు ఉంటాయి. వైట్ మెటల్ అరిగిన కొద్దీ వాటిని ఒక్కొక్కటిగా, రెండు వైపులా సమానంగా తీస్తూ సందును ఒకటి నుంచి మూడు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపలికి తేవాలి. ప్లాస్టిక్ గేజి తీగ పెట్టి కొలవండి, చేతి ఊపుతో అంచనా కట్టవద్దు. మెటల్ పగిలినా, పెచ్చు లేచినా షిమ్‌లతో పని కాదు, కొత్తగా పోత పోయించి బోరు చేయించాలి. ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. దొరికినవారి దగ్గర వంతు వచ్చేదాకా ఓపిక పట్టండి, ఆ డబ్బు మొత్తం పనిలో అన్నిటికన్నా మంచి ఖర్చు.

ఏళ్ల తరబడి పాత రకం నూనెతో నడిచిన ఇంజిన్‌లో, చాంబర్ కడగకుండా ఇప్పటి డిటర్జెంట్ నూనె పోయకండి. అది మడ్డిని కరిగించి నాజిల్ నోట్లోకి తోస్తుంది. కడిగాక నేను 10డబ్ల్యూ-30 వాడుతున్నాను, చలి ఉదయాల్లో తొట్లలోకి త్వరగా చేరుతుంది.

ఈ అడుగుభాగమే మీ హద్దు. 4.11 వెనుక యాక్సిల్‌తో, 16 అంగుళాల చక్రాలతో గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ సుమారు 2,450 చుట్లు తిరుగుతుంది. దానికి అది హాయి. ఘాట్ ఎక్కడానికి కావలసింది అడుగు చుట్లలో లాగే బలం. పై చుట్ల కోసం చేసే ఏ మార్పునైనా ఆ వైట్ మెటల్ క్షమించదు.

హెడ్

ఈ హెడ్‌లో ఇంటేక్ దారులు మూడే, రెండేసి సిలిండర్లకు ఒకటి. పొగ దారులు నాలుగు: 1కి, 6కి విడివిడిగా, 2-3కి కలిపి ఒకటి, 4-5కి కలిపి ఒకటి. ఈ అమరికే ఊపిరికి పెద్ద హద్దు, దారులను రాసి వెడల్పు చేస్తే దక్కేది స్వల్పం. గ్యాస్కెట్ అంచు, పోత అంచు కలిసే చోట మెట్టు ఉంటే నునుపు చేయండి, అంతటితో ఆపండి.

అసలు లాభం వాల్వుల దగ్గర ఉంది. మన దేశంలో 2000 నుంచి పెట్రోలులో సీసం లేదు. పాత రోజుల్లో ఆ సీసమే పొగ వాల్వు సీటుకు మెత్తలా పనిచేసేది. ఘాట్‌లలో బరువుతో నడిచే కారుకు గట్టి ఉక్కు సీట్లు వేయించడం మంచిది. అంతకు ముందు హెడ్‌ను వేడి నీటి ఒత్తిడితో పరీక్షించి, రెండు వాల్వుల నడుమ పగులు లేదని తెలుసుకోండి.

హెడ్ చెక్కించి కుదింపు పెంచడం గురించి అందరూ అడుగుతారు, లెక్క వేసి చూద్దాం. ఒక్కో సిలిండర్ 591 ఘనపు సెంటీమీటర్లు. 6.5 నిష్పత్తి అంటే పైన మిగిలే ఖాళీ దాదాపు 107. హెడ్ 40 థౌ చెక్కితే, గది నోరు బోరంత ఉందనుకున్నా పోయేది 6 చిల్లర. నిష్పత్తి 6.8కి చేరుతుంది, అంతే. ఎత్తులో పోయిన బలాన్ని కొంత పూడ్చుకోవడానికి అది పనికొస్తుంది. దానికి మించి చెక్కితే హెడ్ బలహీనపడుతుంది, వాల్వులను కదిలించే పుష్‌రాడ్ల పొడవు కుదరదు. నేను హెడ్ సమతలం కావడానికి ఎంత అవసరమో అంతే చెక్కించాను.

మానిఫోల్డు, గొట్టాలు

మానిఫోల్డును హెడ్‌కు బిగించే పాత స్టడ్‌లు ఇక్కడే విరుగుతాయి. ముందు రోజు రాత్రి చొచ్చుకుపోయే నూనె పోసి, తెల్లారి ఇంజిన్ కాసేపు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి. ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు, మళ్లీ అటూ ఇటూ. ఒకచోట నా కారుకు ఈ పని ఇంపాక్ట్ గన్‌తో చేశారు, రెండు స్టడ్‌లు హెడ్‌లోనే తెగాయి. డ్రిల్లు వేసి తీయడానికి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత జయపురం మిస్త్రీ గారు చేత్తో పట్టి చూపించారు. "స్టడ్ కూత పెట్టిందంటే కదులుతున్నట్టే బాబూ, చప్పుడు లేకుండా మెత్తగా తిరిగిందంటే తెగబోతున్నట్టు" అన్నారు. కూత వినబడేదాకా పానా బలం పెంచలేదాయన.

ఇప్పుడు పెద్ద నిర్ణయం. ఒకే గొట్టమా, రెండా? ఈ ఇంజిన్ పేలుడు వరుస 1-5-3-6-2-4. ముందు మూడు సిలిండర్లనూ వెనుక మూడింటినీ విడదీస్తే, ఒక పేలుడు ముందుది, ఒకటి వెనుకది అవుతుంది. ఒక్కో గొట్టంలో పొగ సరిగ్గా 240 డిగ్రీలకు ఒకసారి వస్తుంది, ఒకదాని పొగ మరొకదానికి అడ్డు తగలదు. విడదీసిన ఆరు సిలిండర్ల షెవర్లే చేసే ఆ ఖణేల్మనే ధ్వనికి కారణం ఇదే. మానిఫోల్డును నడుమ పలకతో మూసి, ఖాళీ అయిన సగానికి కొత్త నోరు వెల్డు చేస్తారు. మన కుడి స్టీరింగ్ కార్లలో స్టీరింగ్ బాక్సు కుడివైపు, మానిఫోల్డు ఎడమవైపు ఉంటాయి కాబట్టి రెండో గొట్టానికి చోటు దొరుకుతుంది.

అయినా ఘాట్ కోసమే అయితే ఒకే గొట్టం చాలు. 90 హార్స్‌పవర్‌కు 2 అంగుళాల గొట్టం సరిపోతుంది. విడదీస్తే ఇంటేక్ కింద వేడి కూడా తగ్గుతుంది. మా దగ్గర డిసెంబరు ఉదయాల్లో పెట్రోలు ఇంటేక్ గోడలకు చెమటలా పట్టి, కాలు తొక్కగానే ఇంజిన్ తడబడుతుంది. ఆ ధ్వనే కావాలనుకుంటే వేరే మానిఫోల్డు సంపాదించి దాన్ని కోయండి, కారుతో వచ్చినదాన్ని కాదు. పోత ఇనుమును పూర్తిగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో వెల్డు చేసి, బూడిదలో కప్పి రాత్రంతా చల్లారనివ్వాలి. తొందరపడితే వెల్డు పక్కనే పగులు తేలుతుంది.

నేను పాత మానిఫోల్డునే ఉంచాను. బిగుసుకున్న వేడి తలుపు ఇరుసు తీయించి కొత్త ఇత్తడి బుష్‌లు వేయించాను. మానిఫోల్డు ముఖాలన్నీ ఒకే సమతలంలోకి వచ్చేలా, ఇంటేక్‌తో కలిపి బిగించి ఒకేసారి సాపు చేయించాను. విడివిడిగా చేయిస్తే హెడ్‌కు ఎక్కడో ఒకచోట ఊపిరి లీకవుతుంది. ఇంటేక్ దారుల్లో ఉండే పలుచని ఉంగరాలను మరిచిపోకండి, మానిఫోల్డు సరైన చోట కూర్చునేది వాటివల్లే. బిగింపు నడుమ బోల్టులకు 25 నుంచి 30 అడుగుల పౌండ్లు, చివరి వాటికి 15 నుంచి 20 మాత్రమే. ఎర్రగా కాలినప్పుడు ఈ పొడవాటి ఇనుము రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చివర్లు జారడానికి వీలు లేకపోతే కొస చెవి విరుగుతుంది. మానిఫోల్డుకు వేడి పట్టీ చుట్టవద్దు, పోత ఇనుమును అది పగలగొడుతుంది.

గొట్టాల పనికి సాలూరు మంచి చోటు. లారీల ఊరు కావడంతో గొట్టం వంచే, వేలాడదీసే పని తెలిసిన చేతులు అక్కడ ఉన్నాయి. వంపు దగ్గర ముడత పడకుండా వంచమని ముందే చెప్పండి. ముడత పడితే 2 అంగుళాల గొట్టం ఒకటిన్నర అయిపోతుంది. కీళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి క్లాంపులతో బిగించాలి, వెల్డు వద్దు. వేలాడదీసే చోట రబ్బరు ఉండాలి, ఇంజిన్ ఊగే వైపు చెయ్యి దూరేంత సందు ఉండాలి. సైలెన్సర్‌లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి, మన వానాకాలంలో నిలిచే నీరు అక్కడ కారిపోతుంది. సైలెన్సర్ లేకుండా గొట్టం ఒక్కటే వదలడం నిబంధనలకు విరుద్ధం, ఊళ్లలో పసిపిల్లలకూ పశువులకూ బెదురు.

పెట్రోలు, నిప్పు

ఇక్కడ మూడు బలాలు మూడు వైపులకు లాగుతాయి. పొగ దారి తెరుచుకుంటే గాలి ఎక్కువ వస్తుంది, మిశ్రమం పలుచనవుతుంది. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకు ఒక పాలుకు 14.7 కాక దాదాపు 13.5 పాళ్ల గాలే చాలు, అంటే మిశ్రమం మరింత పలుచన. ఎత్తు మాత్రం ఎదురు దిశలో లాగుతుంది: కోరాపుట్‌లో గాలి ఎనిమిది తొమ్మిది శాతం తేలిక, దానివల్ల మిశ్రమం నాలుగు శాతం మేర చిక్కనవుతుంది. కూడికలు తీసివేతలు అయ్యాక కొంచెం పలుచనగానే మిగులుతుంది. కింద విజయనగరం చేరితే ఇంకా పలుచన. అందుకే సర్దుబాటు కింద మైదానానికి సరిపడేలా చేయండి, పైన కాస్త చిక్కనగా ఉంటే ఉండనివ్వండి. పలుచన మిశ్రమం వాల్వులను కాలుస్తుంది.

కార్టర్ కార్బొరేటర్‌లో జెట్ లోపల మెట్లుగా సన్నబడిన మీటరింగ్ రాడ్ ఉంటుంది. జెట్‌ను డ్రిల్లుతో పెద్దది చేయకండి, రాడ్ ఎత్తు సర్దండి. ప్లగ్గు పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరి. తెల్లగా, పొక్కినట్టుంటే ఆగిపోండి. ఇథనాల్ పాత రబ్బరునూ తినేస్తుంది కాబట్టి పంపు డయాఫ్రంను, గొట్టాలను వైటాన్ రకంతో మార్చండి.

టైమింగుకు ఫ్లైవీల్ మీద పొదిగిన ఉక్కు గుండు ఉంటుంది. కిటికీలోంచి లైటు వేసి చూస్తే అది సూచిక ఎదుట నిలవాలి. అక్కడి నుంచి డిస్ట్రిబ్యూటర్ మీది ఆక్టేన్ సర్దుబాటుతో ఘాట్‌లో చెవి పెట్టి సర్దుకోవాలి. ఎక్కుడులో కాలు తొక్కినప్పుడు గాజు గోళీలు రాలినట్టు వినిపిస్తే ఒక గీత వెనక్కి తిప్పండి. చివరగా టాపెట్లు (వాల్వుల సందు సర్దుబాటు), ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు: ఇంటేక్ 6 థౌ, పొగ వాల్వు 13 థౌ. చప్పుడు తగ్గించాలని పొగ వాల్వు సందు బిగిస్తే వాల్వు కాలిపోతుంది. టాపెట్ చప్పుడు వినపడటమే మేలు.

రేడియేటర్ శుభ్రం చేయించడం మానకండి. ఒత్తిడి మూత లేని రేడియేటర్‌లో నీరు కోరాపుట్ ఎత్తులో 97 డిగ్రీలకే మరుగుతుంది.

మళ్లీ ఆ రాయి దగ్గరికి

300 కిలోమీటర్ల తర్వాత హెడ్, మానిఫోల్డు బోల్టులు మళ్లీ కొలతకు బిగించి, టాపెట్లు మళ్లీ చూసి, నూనె మార్చాను. తర్వాత పాత పరీక్షే: అదే ఘాట్, కారులో అదే నలుగురు, ట్యాంకులో అంతే పెట్రోలు, ఉదయం అదే వేళ. రాయి దాటింది. రెండో మలుపు దాటింది. మూడో మలుపు ముందు ఎదురుగా లారీ దిగుతుంటే దారి ఇవ్వడానికి నేనే వేగం తగ్గించి రెండో గేరు వేశాను. నీటి ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. పైకి చేరాక బానెట్ ఎత్తి మానిఫోల్డు అంచుల వెంట అద్దం ముక్క పట్టుకు చూశాను, ఎక్కడా మసి చార లేదు. మీరు కూడా ఆ అద్దం ముక్క డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోండి. మొదటి నెల రోజులూ ప్రతి ప్రయాణం తర్వాతా చూడండి, నల్లటి చార కనిపిస్తే అదే రోజు గ్యాస్కెట్ మార్చండి.